రెండు వేళ్ల ఎడం

పద్దెనిమిది మంది మనుషులు ఒకేలా ఊపిరి పీల్చరు. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, ముప్పై ఏళ్లుగా నాణ్యత విభాగంలో అంకెలు చూసి చూసి తెలుసుకున్నది. నిజంగా జరిగిన పని అయితే అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఒకడికి జలుబు చేస్తుంది, ఒకడు తొందరలో ఉంటాడు, ఒకావిడ సగం పీల్చి దగ్గుతుంది. అంకెలు బుద్ధిగా వరసలో ఉన్నాయంటే, ఎవరో కుర్చీలో కూర్చుని వాటిని వరసలో పెట్టారన్నమాట.

నా పేరు విశ్వేశ్వరరావు. జీడిమెట్లలోని మందుల ఫ్యాక్టరీల్లో ఇరవై ఆరేళ్లు పనిచేసి, నాలుగేళ్ల కింద మాదాపూర్‌లో ఇన్‌హేలర్లు తయారుచేసే ఈ చిన్న కంపెనీకి వచ్చాను. నాకు అనుమానం ఎక్కువని అందరూ అంటారు. పాల ప్యాకెట్ మీద తేదీ, పెట్రోల్ బంకులో సున్నా, సూపర్ మార్కెట్ బిల్లులో చివరి అంకె, ఏదీ చూడకుండా వదలను. మా ఆవిడ రాజరాజేశ్వరి అయితే, "పెళ్లిచూపుల్లో కూడా నాచేత చెప్పులు విప్పించి ఎత్తు చూశారు" అని ఇప్పటికీ దెప్పుతుంది. అది అబద్ధం. చెప్పులు ఆవిడే విప్పింది. నేను చూశాను, అంతే.

ఆ అనుమానానికే కంపెనీ నాకు జీతం ఇస్తోంది కాబట్టి దాని గురించి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సి వచ్చింది లింగంపల్లిలో.

ముందు మా పంపు సంగతి చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు వాడే మామూలు పంపు నొక్కితే మందు దూకుడుగా బయటికొచ్చి గొంతు వెనక గోడకు కొట్టుకుంటుంది. చాలా మందు అక్కడే అతుక్కుని, గుటకతో కడుపులోకి పోతుంది. ఊపిరితిత్తులకు చేరేది కొంచెమే. మా ఇంజినీరు ఉదయ్ భాస్కర్ మూడేళ్లు కూర్చుని ఈ దూకుడు తగ్గించాడు. మందు వచ్చే రంధ్రం మార్చాడు. నోట్లో పెట్టుకునే భాగం, అంటే మౌత్‌పీస్ లోపల, గాలి సుడి తిరిగేలా సన్నటి మెట్లు పెట్టాడు. దాంతో మందు మెల్లగా, మంచులా వస్తుంది. మా ల్యాబులో మనిషి గొంతు వంపుతో చేసిన ఉక్కు గొట్టం ఒకటి ఉంది. దాని చివరన చిల్లుల పళ్లేలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఏ పళ్లెం మీద ఎంత మందు పడిందో తూచి చూస్తే, ఊపిరితిత్తుల దాకా ఎంత పోతుందో లెక్క తేలుతుంది. పాత పంపు కంటే మాది రెండింతలు తేలింది. నేను నమ్మలేదు. పదకొండుసార్లు చేయించాను. పదకొండుసార్లూ అంతే వచ్చింది.

ఆ తర్వాత మనుషుల మీద చూడాలి. డాక్టర్ల అనుమతులన్నీ అయ్యాక, ముప్పై ఆరు మందికి వాళ్లు రోజూ వాడే మందునే మా పంపులో పెట్టి ఇచ్చాం. ప్రతి పంపులో గోరంత చిప్ ఉంటుంది. ఎప్పుడు నొక్కారు, నొక్కినప్పుడు పంపులోంచి ఎంత గాలి లాగారు అన్నది అది రాసుకుంటుంది. ఫోన్ దగ్గర పెడితే ఆ అంకెలు మా ఆఫీసుకు వచ్చేస్తాయి. కూకట్‌పల్లి కాలనీలో పద్దెనిమిది మందిని నీహారిక అనే అమ్మాయి చూసుకుంటుంది. లింగంపల్లి స్టేషన్ వెనక బస్తీలో పద్దెనిమిది మందిని రోహిణి చూసుకుంటుంది.

రోహిణికి ముప్పై రెండేళ్లుంటాయి. శంకరపల్లి దగ్గర పల్లెటూరు, నర్సు ట్రైనింగ్ చేసింది. ఆర్నెల్ల కాంట్రాక్టు మీద తీసుకున్నాం. ఈ పరీక్ష సరిగ్గా జరిగితే నెలాఖరుకు ఉద్యోగం పర్మనెంట్ చేస్తామని మా మేనేజర్ జ్యోత్స్న గారు మాట ఇచ్చారు. అదంతా రోహిణే నాకు లిఫ్టులో చెప్పింది. అడగకుండా అంత చెప్పిందేమిటా అని నాకు అప్పుడే అనిపించింది.

ఆరు వారాల అంకెలు నా బల్ల మీదికి వచ్చాయి. కూకట్‌పల్లి వాళ్లవి నిమిషానికి ఇరవై లీటర్ల నుంచి యాభై దాకా, పిచ్చిగీతల్లా ఉన్నాయి. చూడగానే ప్రాణం కుదుటపడింది. లింగంపల్లి వాళ్లవి ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది. పద్దెనిమిది మంది, ఆరు వారాలు, అదే అంకె. అంత తక్కువ గాలి లాగితే మందు లోపలికి పోయే మాటే లేదు. అంతకంటే విచిత్రం, రోజూ పొద్దున ఏడు నుంచి ఏడుంపావు లోపలే పద్దెనిమిది పంపులూ నొక్కి ఉన్నాయి. అన్నీ ఒకే ఫోన్ నుంచి వచ్చాయి. అది రోహిణి ఫోను.

నాకు సినిమా చూసినట్టు కనిపించింది. ఆమె ఇంట్లో మంచం మీద కూర్చుని, సంచిలోంచి ఒక్కొక్క పంపూ తీసి నొక్కుతూ, ముక్కు దగ్గర పెట్టి కొంచెం ఎగబీల్చి, మళ్లీ సంచిలో వేస్తోంది.

ఉదయ్ భాస్కర్‌ని పిలిచి చూపించాను. అతను అంకెలు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇవి ఫేక్ సార్" అన్నాడు.

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావు?"

"ఫేక్ కాకపోతే నా డిజైన్ పనికిరాదన్నమాట సార్. ల్యాబులో అంత బాగా వచ్చింది, బస్తీలో ఎందుకు రాదు?"

ఇతనికి ఆమె దొంగ కావడం అవసరం అని నాకు అర్థమైంది. అతన్నీ అనుమానించాను. కాని అతను చెప్పింది నా లెక్కతో కలిసింది కాబట్టి అతని అనుమానాన్ని పక్కన పెట్టి నా అనుమానాన్నే ఉంచుకున్నాను.

జ్యోత్స్న గారు నాకంటే పదిహేనేళ్లు చిన్నవారు. నిదానం మనిషి. అంకెలన్నీ చూసి, "విశ్వేశ్వరరావు గారూ, మీరు ఒకసారి ఫీల్డ్‌కి వెళ్లి చూసి రండి. వచ్చాక రిపోర్ట్ ఇవ్వండి" అన్నారు.

"వెళ్తానండి. ఆమెకు చెప్పకుండా వెళ్తాను."

"చెప్తే ఏమవుతుంది?"

"సర్దేస్తుందండి."

ఆవిడ సరే అన్నారు.

వెళ్లి వచ్చాకే రిపోర్టు రాయాలి. కాని ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు నాకు ఒక భయం పట్టుకుంది. రేపు నన్ను చూడగానే ఆమె పంపులన్నీ మాయం చేస్తే? చిప్పులు చెరిపేస్తే? సాక్ష్యం పోతే ఇక నేనేం నిరూపిస్తాను? కూర్చుని మెయిల్ రాసేశాను. లింగంపల్లి అంకెలు కల్పించినవి, రోహిణిని వెంటనే పని నుంచి ఆపి పంపులు వెనక్కి తీసుకోవాలి, ఆలస్యం చేస్తే సాక్ష్యం మిగలదు అని. 'కల్పించినవి' అన్న మాట కింద గీత కూడా గీశాను. పంపించి, హాయిగా ఇంటికెళ్లి భోంచేశాను.

మర్నాడు ఆరున్నరకల్లా లింగంపల్లి స్టేషన్ వెనకాల ఉన్నాను. బస్తీ మొదట్లో చాయ్ బండి ఉంది. ఒక చాయ్ తీసుకుని, దాని చాటున నిలబడ్డాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి నీలం చొక్కా టక్ చేసుకుని చాయ్ బండి వెనక దాక్కుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చాయ్ పోసేవాడు రెండుసార్లు నా మెళ్లో ఐడీ కార్డు వైపు చూశాడు. నేను దాన్ని జేబులోకి తోశాను.

ఏడు కావస్తుండగా రోహిణి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో సంచి. సంచిలో పద్దెనిమిది పంపులు ఉన్నాయనుకున్నాను. ఆమె బండికి ఎదురుగా ఉన్న గల్లీలో పెద్ద వాకిలి ఉన్న రేకుల ఇంటి ముందు ఆగింది. "పెద్దమ్మా" అని పిలిచింది. తలుపు తీసుకుని బక్కపలచటి ముసలావిడ బయటికి వచ్చింది. నా జాబితాలో మొదటి పేరు కిష్టమ్మ అని ఉంది. ఇంటి నంబరు చూసి ఆవిడే అనుకున్నాను.

ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కొందరు హౌస్‌కీపింగ్ యూనిఫారాల్లో ఉన్నారు. మా ఆఫీసు చుట్టుపక్కల అద్దాల భవనాల్లో నేలలు తుడిచేవాళ్లు, బాత్‌రూములు యాసిడ్‌తో కడిగేవాళ్లు. ఆ ఘాటుకే చాలామందికి ఊపిరి చెడింది. ప్రతి ఒక్కరి చేతిలోనూ మా నీలం పంపు ఉంది. వాకిట్లో చాప పరిచి వరసగా కూర్చున్నారు. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది.

రోహిణి సంచిలోవి తీసి చాప మీద పెట్టింది. పద్దెనిమిది పంపులు లేవు. కొలత పట్టికలు, స్పిరిటు సీసా, ఒక్క పంపు మాత్రం ఉన్నాయి. ఆ ఒక్కటి రోహిణి ఎలా వాడాలో చూపించడానికి మేం ఇచ్చిన పంపు.

"అందరు ఊపిరి మొత్తం ఇడువుండ్రి" అంది రోహిణి. తన పంపు ఎత్తి పట్టుకుంది. "ఇగ నొక్కుండ్రి. మెల్లగ గుంజుండ్రి. ఒకటి... రెండు... మూడు..."

పద్దెనిమిది మందీ ఒకే లెక్కతో నొక్కారు, ఒకే లెక్కతో పీల్చారు. బడిపిల్లల్లా ఉంది చూడటానికి. నేను చాయ్ గ్లాసు బండి మీద పెట్టేసి ముందుకొచ్చాను. ఎందుకంటే పద్దెనిమిది పంపుల్లోంచి పద్దెనిమిది తెల్లటి మంచు తెరలు బయటికొచ్చి, వాళ్ల ముక్కుల ముందునుంచి మెల్లగా పైకి లేచి వాకిట్లో కలిసిపోయాయి. ఒక్కరు కూడా పంపును నోటికి ఆనించలేదు. అందరూ పెదవులకు రెండు వేళ్ల ఎడంగా పట్టుకున్నారు.

రోహిణి నన్ను చూసి లేచి నిలబడింది. "సార్, మీరేంది ఇక్కడ?"

"ఏం చేస్తున్నారు మీరు? పెదవులతో గట్టిగా మూసి పట్టుకోవాలని ట్రైనింగులో చెప్పలేదా?"

"చెప్పిండ్రు సార్. నేను గూడ వీళ్లకు చెప్పిన."

"మరి ఇదేమిటి?"

ఆమె జవాబు చెప్పేలోపు కిష్టమ్మ అడ్డొచ్చింది. "ఎవరు బిడ్డా ఈ సారు? గంత గుస్సగ ఉన్నడు. కూసోమను, జర నీళ్లు తాగుతడు" అని లోపలికి వెళ్లి ఒక సీసాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎండ లేకపోయినా నాకు గొంతు ఎండిపోయి ఉంది. సీసా అందుకుని, తల వెనక్కి వంచి, నోటికి రెండు వేళ్ల ఎత్తున పట్టుకుని గటగటా పోసుకున్నాను. మూత పెట్టి తిరిగి ఇస్తుంటే రోహిణి నా చేతి వైపే చూస్తోంది.

"మీరు గూడ గట్లనే తాగిండ్రు గదా సార్" అంది.

చిన్నప్పట్నుంచీ నేను అలాగే తాగుతాను. పరాయివాళ్ల సీసా, పరాయివాళ్ల చెంబు నోటికి ఆనించను. మనవాళ్లెవరూ ఆనించరు. ఎంగిలి. ఆ మాట ఎవరూ అనాల్సిన పని లేకుండానే నాకు మొత్తం అర్థమైంది.

రోహిణి మెల్లగా చెప్పుకొచ్చింది. మొదటి రోజు, ఎవరి పంపులు వాళ్లకు అందకముందు, ఆమెకు ఇచ్చింది ఒక్క పంపు. దాంతో పద్దెనిమిది ఇళ్లల్లో చూపించాలి. ఒకరి ముందు తను నోట్లో పెట్టుకుని, తర్వాత వాళ్లను పెట్టుకోమని, మళ్లీ పక్కింట్లో అదే నోట్లో పెట్టుకుంటే ఎవరూ తాకరు. స్పిరిటుతో తుడిచినా ఎంగిలి ఎంగిలే. అందుకని తను రెండు వేళ్ల ఎడంగా పట్టుకుని చూపించింది. మీరు మాత్రం పెదవులు మూయాలె అని నోటితో చెప్పింది. దవాఖానలో ఇచ్చిన పాత పంపును వీళ్లు కొందరు ఎడంగానే కొట్టుకునేవాళ్లు. దాని దూకుడుకు ఎంతో కొంత లోపలికి పోయేది. ఇదీ అంతేనని ఆమె అనుకుంది. మాది మెల్లగా వచ్చే మంచు. పెదవులు మూయకపోతే గాలిలో కలిసిపోతుంది. డిజైన్‌లో మేం సాధించిన గొప్పే ఇక్కడ వీళ్ల కొంప ముంచింది.

"చెప్పింది ఎవరికి యాదుంటది సారూ" అంది కిష్టమ్మ. "ఆమె సూపించింది చేసినం."

"అందరూ ఒకేచోట ఎందుకు కొట్టుకుంటున్నారు? ఒకే ఫోన్ ఎందుకు?"

"ఏడున్నరకు వీళ్ల డ్యూటీ ఆటోలొస్తయి సార్" అంది రోహిణి. "ఎవరింట్ల వాళ్లనే కొట్టుకోమంటె తొందర్ల మర్చిపోతుండ్రి. ఫోన్లేమో మొగోళ్లు పట్టుకపోతరు. అందుకే నేను రోజు వచ్చి నా ఫోన్ల ఎక్కిస్తున్న."

రోజూ రావాలని ఆమె కాంట్రాక్టులో లేదు. వారానికి రెండుసార్లు రావాలని ఉంది. అది రాసింది నేనే.

"ఒక్క పంపుతో చూపించడం కష్టమైతే అడగాల్సింది కదా?" అన్నాను. ఇంకా ఎక్కడో ఒకచోట ఆమెను పట్టుకోవాలనే ఉంది నాకు.

"అడిగిన సార్. మనిషికొక మౌత్‌పీస్ ఇయ్యుండ్రి, సూపెట్టెటప్పుడు మార్చుకుంటమని రాసి పంపిన. ఒకటి చాలు, కడిగి వాడుకోవాలె అని వాపస్ వచ్చింది."

వాపస్ పంపింది నేను. ఆ కాగితం నాకు బాగా గుర్తుంది. పద్దెనిమిది మౌత్‌పీసులు ఈమెకెందుకు, ఏ మెడికల్ షాపుకో ఇచ్చేస్తుంది అనుకుని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. కారణం అని ఉన్న గడిలో ఆమె తెలుగులో 'ఎంగిలి' అని రాసింది. నేను అది చదివి నవ్వుకున్నాను కూడా.

అప్పుడు నేను ఏదో ఒకటి అనాలి. తప్పు నాదని అక్కడే అనేసి ఉంటే సరిపోయేది. నోరు తెరిచేలోపే రోహిణి ఫోన్ మోగింది. మెయిల్. జ్యోత్స్న గారు పొద్దున లేవగానే చేసే మొదటి పని మెయిళ్లు చూడటం.

రోహిణి చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

"ఏందక్కా?" అని అడిగింది వెంకటలక్ష్మి. వరసలో చివర కూర్చున్న యూనిఫారం అమ్మాయి.

"నన్ను పని బంద్ చేయమన్నరు. పంపులన్ని వాపస్ తెమ్మన్నరు. నేను..." ఆమె ఆగింది. "నేను దొంగ లెక్కలు రాసిన్నంట."

వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. దొంగ లెక్కలంటే ఏంది? మందు అసలుదేనా? నెలన్నర నుంచి కొడుతున్నం, ఒక్కరికన్న తగ్గిందా? నాకైతే ఇంక ఎక్కువైంది. మొన్న డాక్టరమ్మ గూడ ఇది పనిచేస్తలేదన్నది. మనమీద ఏమన్న పరీక్షలు చేస్తున్నరా? వెంకటలక్ష్మి లేచి తన పంపు తెచ్చి రోహిణి సంచిలో పడేసింది. ఆమె వెనకాల ఇంకొకరు. అందరూ లేచారు. కిష్టమ్మ అందరికంటే చివర, పంపును కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. బిడ్డా అని కూడా అనలేదు.

నేను అక్కడే ఉన్నాను. నా ఐడీ కార్డు జేబులోనే ఉంది. అది నేను రాసిన మెయిల్ అని నా నోట రాలేదు. ఆఫీసులో సరిచేస్తాను, ఇక్కడ చెప్పి ఏం ప్రయోజనం అని నాకు నేను చెప్పుకున్నాను. భయపడ్డాను, అంతే. పద్దెనిమిది మంది ఆడవాళ్ల కళ్ల ముందు నిలబడటానికి భయపడ్డాను.

తొమ్మిదింటికి జ్యోత్స్న గారి గదిలో అంతా చెప్పాను. కాగితం మీద కొట్టేసిన ఎర్ర గీత కూడా చూపించాను.

"చూసి వచ్చాక రిపోర్ట్ ఇవ్వమన్నాను కదండీ."

"అవునండి."

"మీ మాట మీద నేను ఒకమ్మాయిని పొద్దున ఏడింటికి తీసేశాను."

"అవునండి" అన్నాను మళ్లీ.

మధ్యాహ్నానికల్లా రోహిణికి ఇంకో మెయిల్ వెళ్లింది. పొరపాటు జరిగింది, కంపెనీ చింతిస్తోంది, ఉద్యోగం కొనసాగుతుంది అని. ఉదయ్ భాస్కర్‌కి విషయం చెప్తే మొదట నమ్మలేదు. తర్వాత తన నోటి ముందు పంపు ఎడంగా పట్టుకుని నొక్కి చూశాడు. మంచు అతని కళ్లజోడు మీదికి పోయింది. ఆ రోజే కూర్చుని, మౌత్‌పీస్ ఇంకా సులువుగా ఊడొచ్చేలా, ఒక్కొక్కరికి ఒక్కో రంగులో ఉండేలా, పెదవులు ఆనితే తప్ప మీట కిందికి దిగకుండా గీయడం మొదలుపెట్టాడు. "ల్యాబు గొట్టానికి ఎంగిలి లేదు కదా సార్" అన్నాడు. నవ్వలేదు.

మర్నాడు రోహిణి ఆఫీసుకు వచ్చింది. పంపుల సంచి నా బల్ల మీద పెట్టింది. నేను లేచి నిలబడ్డాను.

"తప్పు నాదమ్మా. నీ గురించి ఆ మెయిల్ రాసింది నేనే. ఉద్యోగానికి ఏం ఢోకా లేదు. మొన్నటిదంతా రికార్డులోంచి తీసేశారు."

"తెలుసు సార్. మెయిల్ చూసిన." ఆమె కూర్చోలేదు. "నిన్న సాయంత్రం బస్తీకి పోయిన. మెయిల్ సూపెట్టిన. ఆ కాగితం వాళ్లకేం తెలుస్తది సార్? కిష్టమ్మ పెద్దమ్మ తలుపు తియ్యలేదు. లోపట దగ్గుతనే ఉన్నది. దగ్గు ఇనొస్తుంది, తలుపు తియ్యదు."

నేను తల దించుకున్నాను.

"నౌకరి మీరు ఇచ్చిండ్రు, మీరు తీసిండ్రు, మల్ల మీరే ఇచ్చిండ్రు. బస్తీల నా మాట మీరు ఇచ్చింది కాదు సార్. ఆర్నెల్లు ఇంటింటికి తిరిగి సంపాయించుకున్న. దాన్ని ఎట్ల వాపస్ ఇస్తరు?"

"ఏం చేయమంటావో చెప్పమ్మా."

"మీరొచ్చి చెప్పాలె. మెయిల్ల కాదు. ఆ వాకిట్ల, అందరి ముంగట."

సోమవారం పొద్దున ఏడింటికి వెళ్లాను. ఈసారి ఐడీ కార్డు బయటికే వేసుకున్నాను. సంచిలో పద్దెనిమిది పంపులు, మనిషికి రెండు చొప్పున కొత్త మౌత్‌పీసులు ఉన్నాయి. వాటిని మంజూరు చేసింది నేనే. ఈసారి ఎర్ర పెన్ను తీయలేదు. రోహిణి ఆ సంచి పట్టుకుని నాలుగు అడుగులు దూరంగా నిలబడింది. ఆడవాళ్లు డ్యూటీకి తయారై గల్లీలో ఉన్నారు. పిలిస్తే ఒక్కరూ వాకిట్లోకి రాలేదు. ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి చూస్తున్నారు. కిష్టమ్మ తలుపు సందులోంచి చూసింది.

"నువ్వు మొన్న చాయ్ బండి ఎనక దాసుకున్న సారువే గదా?" అంది.

"అవునమ్మా. నేను కంపెనీ మనిషిని. ఒక మాట చెప్పాలని వచ్చాను. రోహిణి ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది."

"గామె తోలుకొస్తె వచ్చినవా?"

"నన్ను రమ్మంది నిజమే. కాని..."

"మరి గామె చెప్పుమన్నది చెప్తున్నవ్." కిష్టమ్మ తలుపు ఇంకొంచెం తెరిచి, నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను ఇరవై ఆరేళ్లు జీడిమెట్లలో లోడ్ దింపే లారీలను అలాగే చూశాను. "ఆ కారటు నీదేనా? దాంట్ల ఫొటోల మీసమున్నది, నీకు లేదు."

"ఫొటో పాతదమ్మా."

"ఏమో. ఇయ్యాల రేపు ఎవరైన ఏసుకుంటరు గసొంటియి." గల్లీలో ఎవరో అవునన్నారు. వెంకటలక్ష్మి ముందుకొచ్చి, "ఆమె నీకు సుట్టమా సారూ?" అని అడిగింది.

నిజం చెప్తున్నవాణ్ని పట్టుకుని ఇలా అడుగుతారేమిటి అని నాకు కోపం వచ్చింది. వెంటనే సిగ్గేసింది. రోహిణి వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది. ఇక్కడ నేను చెప్పలేకపోతే ఆమె ఈ గల్లీలోకి మళ్లీ రాలేదు. వాకిట్లో చాప లేదు. నేను కింద, సిమెంటు మీద కూర్చున్నాను.

"ఆ పంపులో చిన్న చిప్ ఉంటుందమ్మా. మీరు ఎంత గాలి లాగారో అది రాసుకుంటుంది. ఆఫీసులో నేను అది చూస్తాను. మీ పద్దెనిమిది మందిదీ ఒకటే అంకె వచ్చింది. ఒక రోజు కాదు, నెలన్నర. మనుషులు ఎక్కడా అలా ఒకే తీరుగా ఉండరు. అందుకని రోహిణి ఒక్కతే కూర్చుని అన్నీ నొక్కిందనుకున్నాను. ఇక్కడికొచ్చి చూడకుండానే ఆమె దొంగ అని మా పెద్దలకు రాశాను. మందు లోపలికి పోకపోవడం కూడా నావల్లే. చూపించడానికి ఆమె వేరే మూతులు అడిగితే ఇవ్వలేదు. అవి ఇచ్చి ఉంటే ఆమె నోట్లో పెట్టుకునే చూపించేది. మీకు దగ్గు తగ్గేది."

కిష్టమ్మ బయటికి వచ్చింది. గడప మీద కూర్చుని కాసేపు దగ్గింది.

"మా అందరిది ఒకటే లెక్క ఎట్లొచ్చింది సారూ?" అంది.

"మీరందరూ ఒకేలా పీల్చారు కాబట్టి."

"ఒక్కతీరుగ ఎందుకు పీల్చినం?"

"రోహిణి చూపించినట్టే పీల్చారు కాబట్టి."

"రెండు వేళ్లు అంటె రెండు వేళ్లు పెట్టినం. మూడు లెక్కవెట్టుమంటె మూడు లెక్కవెట్టినం. నా కోడలు చెప్తె నేను ఇన. డాక్టరమ్మ చెప్తె సగం ఇంట. గీ పిల్ల చెప్తె పద్దెనిమిది మందిమి ఏలెడు అటిటు కాకుంట ఇన్నం. అంతేనా?"

"అంతేనమ్మా."

"గామె మాట మేము గంతగనం ఇన్నమని, గామెను దొంగని రాసినవా?"

ముప్పై ఏళ్లలో నా పట్టికలో నమ్మకానికి ఒక గడి కూడా లేదు. ఉన్నా, దాన్ని దొంగతనం అని చదివి ఉండేవాణ్ని.

"రాశానమ్మా" అన్నాను.

కిష్టమ్మ నన్ను ఇంకేమీ అడగలేదు. నా పక్కనుంచి రోహిణి వైపు చెయ్యి చాచింది.

"నాదియ్యి బిడ్డా" అంది. "ఈసారి ఎట్ల పట్టుకోవాల్నో సూపియ్యి."